ఇంజనుకు దాతలుంటారు, స్లీపరుకు ఎవరు? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత సంచికలో మీటర్ గేజ్ రోజుల గురించి, బ్రిటన్‌లో స్వచ్ఛంద కార్యకర్తలు నడుపుతున్న పాత ఆవిరి రైళ్ల గురించి వేసిన వ్యాసానికి ఉమ్మడి అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల నుంచి ఉత్తరాలు వచ్చాయి. అభిమానం అన్నింట్లోనూ ఉంది. ప్రశ్నలు మాత్రం ఎక్కువగా డబ్బు మీదే. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

గుంతకల్లు నుంచి: లోకోషెడ్డులో పనిచేసి రిటైరైనవాళ్లం ముప్పై మందిమి ఉన్నాం. ఫిట్టర్లు, బాయిలర్ మేకర్లు, డ్రైవర్లు అందరూ ఉన్నారు. ఒక మీటర్ గేజ్ ఇంజను సంపాదించి, రెండు కిలోమీటర్లు పట్టా వేసి ఆదివారాలు నడపాలని కోరిక. చేతిపని మాదే కాబట్టి టికెట్ల డబ్బుతో గడిచిపోదా?

రోజువారీ ఖర్చు గడుస్తుంది. పదేళ్లకోసారి వచ్చే ఖర్చు గడవదు. స్వచ్ఛందంగా నడిచే రైళ్లను కుంగదీసేది ఆ రెండోదే.

కూలి లేకపోయినా సామాను కొనాల్సిందే. రెండు కిలోమీటర్ల పట్టాకు ఏం కావాలో చూడండి. 60 పౌండ్ల రైలు మీటరుకు 29.76 కిలోలు తూగుతుంది. రెండు వరుసలు, రెండు వేల మీటర్లు కలిపితే 119 టన్నుల ఉక్కు. పట్టాల కింద అడ్డంగా వేసే స్లీపర్లు కిలోమీటరుకు 1,540 చొప్పున 3,080. ఇవి కాక పట్టా కొసలను కలిపే ఫిష్‌ప్లేట్లు, బోల్టులు, పట్టాను స్లీపరుకు బిగించే డాగ్ స్పైకులు, కంకర, కల్వర్టులు. తుక్కు ధరకు పట్టాలు దొరికినా లారీ బాడుగ, క్రేను అద్దె మీ నెత్తినే పడతాయి.

వేల్స్‌లోని టాలిలిన్ రైల్వే అనుభవం మీకు పనికొస్తుంది. ప్రపంచంలో స్వచ్ఛంద కార్యకర్తలు చేతికి తీసుకుని నిలబెట్టిన మొదటి రైల్వే అదే. పలకరాయి మోయడానికి వేసిన 1865 నాటి లైను. 1950లో సంఘం కట్టి, 1951 మే 14న మొదటి రైలు నడిపారు. ఇంజన్లు చాలవని, మూతపడ్డ పక్క లైనువి రెండు కొన్నారు. ఒక్కోటి 25 పౌండ్లే, దాదాపు ఊరికే వచ్చినట్టు. తీరా వాటిలో ఒకటి పట్టా మీద నిలవలేదు. దాని చక్రాల అంచు సన్నం, స్లీపర్లు కుళ్లి పట్టాల మధ్య ఎడం పెరిగిపోయింది, దాంతో చక్రం జారి మధ్యలో పడేది. పట్టా సరిచేసేదాకా ఆ ఇంజను పక్కన ఉండాల్సి వచ్చింది. ఇంజను చవగ్గా వచ్చినంత మాత్రాన రైలు చవగ్గా నడవదు.

మన దేశంలో డార్జిలింగ్ (యునెస్కో గుర్తింపు 1999), నీలగిరి (2005), కాల్కా–సిమ్లా (2008) రైళ్లను చూసి లెక్క వేయకండి. ఆ మూడూ రైల్వే శాఖ నడిపేవి. టికెట్ల మీద రాని డబ్బును ఆ శాఖే భరిస్తుంది. మీ సంఘం లోటు భరించడానికి మీ వెనక ఎవరూ ఉండరు.

ఇంకొక మాట. స్టేషన్ల ముందు, ఆఫీసుల ముందు దిమ్మెల మీద నిలిపిన ఇంజన్లు రైల్వే ఆస్తి. రాతపూర్వక ఒప్పందం చేతికి రాకముందు దాని మీద రంగు డబ్బా కూడా ఖర్చు పెట్టొద్దు. ఒప్పందం గడువు కనీసం 20 ఏళ్లు ఉండాలి. ఐదేళ్ల ఒప్పందం మీద బాయిలర్ బాగుచేయిస్తే, దాని ఫలం మీ సంఘం అనుభవించకుండానే గడువు తీరిపోతుంది.

ఆదోని నుంచి: బాయిలర్‌కు పదేళ్లకోసారి పెద్ద మరమ్మతు అన్నారు. దానికి ఎంత పక్కన పెట్టాలి? మా దగ్గర బోరు నీళ్లు బాగా ఉప్పన. దానివల్ల ఖర్చు పెరుగుతుందా?

పెరుగుతుంది. డబ్బు లెక్కనూ నీళ్ల లెక్కనూ విడదీసి చూడకూడదు కాబట్టి ఈ రెండు ప్రశ్నలూ కలిపి అడగడం మంచిదైంది.

బ్రిటన్‌లో ఆవిరి ఇంజన్ల బాయిలర్‌ను మామూలుగా పదేళ్లకోసారి పూర్తిగా విప్పుతారు. పైనున్న రేకులు, లోపలి ట్యూబులు తీసి, లోపలి, బయటి పలకలను పట్టి ఉంచే స్టేలు అనే కడ్డీలను ఒక్కొక్కటీ తట్టి చూసి, ఫైర్‌బాక్స్ (బొగ్గు మండే పెట్టె) పలకల మందం కొలిచి, మళ్లీ కట్టి పీడన పరీక్ష చేస్తారు. లోపల ఏముందో విప్పేదాకా తెలియదు కాబట్టి అంచనా తప్పేది ఎక్కువగా ఇక్కడే.

లెక్క తెలియడానికి ఖర్చు 60 లక్షలు అనుకుందాం. ఏడాదికి 40 రోజులు నడిపితే పదేళ్లలో 400 రోజులు. అంటే నిప్పు వేసిన ప్రతి రోజూ 15,000 రూపాయలు బాయిలర్ నిధిలో పడాలి. రోజుకు నాలుగు ట్రిప్పులు, ట్రిప్పుకు 100 సీట్లు, సగటున 60 నిండుతాయి అనుకుంటే రోజుకు 240 మంది. ఒక్కో టికెట్టులో 62 రూపాయల 50 పైసలు బాయిలర్‌దే. టికెట్ వంద రూపాయలు పెట్టారంటే బొగ్గుకు, నూనెకు, బీమాకు, పట్టాకు కలిపి మిగిలేది 37 రూపాయల 50 పైసలు. అందుకే ముందు ఈ లెక్క వేసి, ఆ తర్వాతే టికెట్ ధర రాయండి. పక్క పార్కులో బొమ్మ రైలుకు ఎంత తీసుకుంటున్నారో చూసి ధర పెట్టడం తరచూ జరిగే తప్పు.

ధరలు ఏటా 6 శాతం పెరిగితే ఈనాటి 60 లక్షల పని పదేళ్లకు కోటీ ఏడు లక్షలు అవుతుంది. ఆ డబ్బును కరెంటు ఖాతాలో వదిలేయకుండా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేస్తే వడ్డీ ఆ పెరుగుదలలో చాలా భాగాన్ని అందుకుంటుంది. ఆ ఖాతాలో నుంచి తీయాలంటే ముగ్గురి సంతకాలు ఉండాలని, అందులో ఒకరు కమిటీ బయటివారు కావాలని నియమావళిలోనే రాసుకోండి. వాన లేక జనం రాని ఏడు, వానలు ఎక్కువై జనం రాని ఏడు, రెండిట్లోనూ కమిటీ చూపు మొదట పడేది ఈ నిధి మీదే.

ఇక నీళ్లు. సున్నం, మెగ్నీషియం ఉన్న నీళ్లు కాగితే ట్యూబుల మీద, ఫైర్‌బాక్స్ పైకప్పు మీద పెచ్చు కడుతుంది. ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా కట్టే పెచ్చే ఇది. పెచ్చు వేడిని అడ్డుకుంటుంది. వేడి నీళ్లలోకి పోక లోహంలోనే నిలిచి, పలక ఉబ్బుతుంది, స్టేల మొదళ్లలో నీరు కారుతుంది. పదేళ్లు రావాల్సిన ట్యూబులు ఐదారేళ్లకే మార్చాల్సి వస్తే పైన వేసిన లెక్కంతా తారుమారు. రోజుకు 15,000 కాదు, దానికి దాదాపు రెట్టింపు కావాల్సి రావచ్చు.

సాఫ్ట్‌నర్ పెడితే గట్టిదనం, అంటే పెచ్చు కట్టించే సున్నం, మెగ్నీషియం పోతాయి కానీ కరిగిన ఉప్పు అలాగే ఉంటుంది. ఉప్పు ఎక్కువైతే నీళ్లు నురగెత్తి ఆవిరితోపాటు సిలిండర్లలోకి పోతాయి. అందుకని బ్లోడౌన్ వాల్వు తెరిచి కొంత నీరు వదిలేస్తూ ఉండాలి. ఆర్వో నీళ్లు నేరుగా పోస్తే లోహాన్ని తింటాయి. వాటికి సోడా యాష్ లాంటివి కలిపి, బాయిలర్ లోపలి నీటి పీహెచ్ 10.5 నుంచి 11.5 మధ్య ఉంచాలి.

మాకు అన్నిటికంటే నచ్చేది వాన నీళ్లు. అనంతపురంలో ఏడాది వాన సుమారు 550 మిల్లీమీటర్లే కదా అంటారేమో. 300 చదరపు మీటర్ల షెడ్డు రేకుల మీద పడే ఆ వానలో 80 శాతం పట్టినా 1,32,000 లీటర్లు. రోజుకు 5,000 లీటర్లు తాగే ఇంజనుకు 26 రోజుల నీళ్లు, అంటే మీ 40 రోజుల్లో సగానికి పైగా. షెడ్డు కట్టేటప్పుడే కింద తొట్టి తవ్వించండి. తర్వాత తవ్వించాలంటే పట్టా అడ్డం వస్తుంది.

వాష్ అవుట్‌కు, అంటే బాయిలర్ లోపల కడగడానికి, తొందర పనికిరాదు. ఆదివారం సాయంత్రం నిప్పు దించి సోమవారం పొద్దున్నే చన్నీళ్లు కొడితే పలకలు ఒక్కసారిగా ముడుచుకుని ట్యూబు మొదళ్లు వదులవుతాయి. బాయిలర్ దానంతట అది చేతికి చల్లగా తగిలేదాకా ఆగి, అప్పుడు ప్లగ్గులు విప్పి, అడుగు రింగు చుట్టూ పేరుకున్న బురదను కడ్డీతో గీకి కడగాలి. ఇందుకు ఎవరూ చందా ఇవ్వక్కర్లేదు. ఓపిక ఉంటే చాలు.

ధర్మవరం నుంచి: ఇంజను రంగులకు, బోగీ సీట్లకు దాతలు దొరుకుతారు. స్లీపర్లకు, కాలువలకు ఎవరూ ఇవ్వరు. ఏమి సేయాల?

తేరుకు పట్టుబట్టలు ఇచ్చేవాళ్లు పదిమంది ఉంటారు, ఇరుసుకు ఆముదం ఇచ్చేవారు ఉండరు. రైలుకూ ఇదే బాధ. ఇంజను కోసం ఇచ్చిన డబ్బును కాలువకు వాడకూడదు, అది దాతకు ఇచ్చిన మాట. కాబట్టి బ్యాంకులో లక్షలుండి కూడా కల్వర్టు కూలితే చేతులు కట్టుకుని నిలబడ్డ సంఘాలు ఉంటాయి. రసీదు పుస్తకం అచ్చువేసేటప్పుడే ఒక వాక్యం చేర్చండి: “ప్రత్యేక విరాళాల్లో 20 శాతం పట్టా, కాలువల నిర్వహణకు వెళ్తుంది.” ముందే చెబితే ఎవరూ తప్పుపట్టరు. తర్వాత చెబితే ఎవరూ ఒప్పుకోరు.

రెండోది, పెద్ద పనిని మనిషి చేతిలో పట్టేంత ముక్కలు చేయండి. ఇంగ్లండులో బ్లూబెల్ రైల్వే తన లైనును ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ దాకా పొడిగించాలంటే, మూసేసిన పాత లైను కోతలో (నేలను తవ్వి చేసిన రైలు దారిలో) నిండా పోసిన ఊరి చెత్తను తవ్వి తీయాల్సి వచ్చింది. చెత్త ఎత్తడానికి డబ్బు అడగడం కంటే కష్టమైన చందా ఉండదు. తలా పది పౌండ్లు ఇమ్మని అడిగారు. 2013 మార్చిలో రైలు అక్కడిదాకా వెళ్లింది. మీ దగ్గర స్లీపరు అలాంటి ముక్కే. 1,540 స్లీపర్లు ఒక్కోటి 15 ఏళ్లు మన్నితే, కిలోమీటరుకు ఏటా నూట మూడు మార్చాలి. “ఈ ఏడాది మన రెండు కిలోమీటర్లకు 206 స్లీపర్లు కావాలి, ఇప్పటికి 81 వచ్చాయి” అని స్టేషన్ గోడ మీద సుద్దతో రాయండి. స్లీపరు మీద నంబరు బిళ్ల కొట్టి, దాత పేరు రిజిస్టరులో చేర్చండి. బడి పిల్లలు, పెళ్లిరోజు జరుపుకునేవాళ్లు, తల్లిదండ్రుల పేరున ఇచ్చేవాళ్లు ఇక్కడే కలుస్తారు.

మూడోది, నెలనెలా వచ్చే చిన్న మొత్తం. బ్రిటన్‌లో ‘టోర్నడో’ అనే కొత్త ఆవిరి ఇంజనును మొదటి నుంచి కట్టారు. 1990లో ట్రస్టు పెట్టి, 2008లో పూర్తిచేశారు. సుమారు 30 లక్షల పౌండ్ల పని. దానికి మూలాధారం నెలకు ఐదు పౌండ్ల చొప్పున బ్యాంకు ద్వారా తప్పకుండా పంపిన మామూలు మనుషులు. లక్ష రూపాయలు ఒకసారి ఇచ్చే ఒక్కరి కంటే నెలకు 200 ఇచ్చే 100 మంది సంఘానికి మేలు. ఏడాదికి 2,40,000 వస్తుందని ముందే తెలుసు కాబట్టి ధైర్యంగా ఆర్డరు ఇవ్వొచ్చు.

గుళ్లలో శాశ్వత పూజ, శాశ్వత అన్నదానం అని డిపాజిట్ కట్టించుకుంటారు. అసలు ముట్టరు, వడ్డీతో పూజ. “శాశ్వత స్లీపరు నిధి” అని అదే పద్ధతి పెట్టండి. మన జనానికి విడమరిచి చెప్పాల్సిన పనే లేదు.

కడప నుంచి: మా బంధువులు కువైట్‌లో ఉన్నారు, కొందరు అమెరికాలో స్థిరపడ్డారు. వాళ్లు పంపితే తీసుకోవచ్చా? సిమెంటు కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టే సీఎస్‌ఆర్ డబ్బు వస్తుందా?

కువైట్‌లో ఉన్నవారి దగ్గర భారత పాస్‌పోర్టు ఉంటే, సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపినది విదేశీ విరాళం కిందికి రాదు. పాస్‌పోర్టు నకలు తీసుకుని ఫైల్లో పెట్టుకోండి. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు మీ సొంత అన్నే అయినా అది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) అనుమతి లేకుండా ఒక్క డాలరు కూడా తీసుకోకూడదు. ఆ రిజిస్ట్రేషన్‌కు సంఘానికి మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో లక్ష్యాల మీద 15 లక్షల ఖర్చు చూపాలి. డబ్బు మొదట పడేది ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే.

ముందు సంఘం కట్టండి. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద కనీసం ఏడుగురు సభ్యులు చాలు. తర్వాత పాన్ కార్డు, బ్యాంకు ఖాతా, ఆదాయపు పన్ను శాఖ వద్ద 12ఏబీ (సంఘానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతకు పన్ను మినహాయింపు) నమోదు. మొదట వచ్చేది మూడేళ్ల తాత్కాలిక నమోదు. గడువుకు ఆరు నెలల ముందే, లేదా పని మొదలైన ఆరు నెలల్లోపు, ఏది ముందైతే అప్పటికి పక్కా నమోదుకు దరఖాస్తు పెట్టాలి, చాలామంది మరిచిపోయేది ఇదే. రెండు వేలకు మించి నగదుగా ఇచ్చిన దానికి దాతకు పన్ను మినహాయింపు రాదు, యూపీఐలోనో చెక్కుతోనో తీసుకోండి. పాత పన్ను విధానంలో ఉన్నవారికే 80జీ ఉపయోగం, ఆ మాట దాతకు ముందే చెప్పండి. 2025 ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు కాబట్టి సెక్షన్ల, ఫారాల కొత్త నంబర్లు ఆడిటరు దగ్గర సరిచూసుకోండి.

సీఎస్‌ఆర్ వస్తుంది, కానీ మొదటి ఏడాది రాదు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కిందికి వచ్చే కంపెనీ గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. తీసుకునే సంఘానికి సీఎస్‌ఆర్–1 నమోదు, మూడేళ్ల పని చరిత్ర ఉండాలి. ఈ డబ్బు దేనికి వాడొచ్చో చెప్పే ఆ చట్టం ఏడో షెడ్యూలులో వారసత్వ సంపద పరిరక్షణ ఉంది, చారిత్రక కట్టడాల, స్థలాల పునరుద్ధరణ అన్న మాట అందులో స్పష్టంగా ఉంది. అందుకని కంపెనీని ఇంజను అడగకండి. పాత స్టేషన్ భవనం, నీళ్ల ట్యాంకు, రాతి ప్లాట్‌ఫారం అడగండి. కడప బండలు పరిచిన ప్లాట్‌ఫారం బాగుచేస్తామంటే వాళ్ల కమిటీకి ఒప్పుకోవడం తేలిక. మీ సొంత డబ్బు ఇంజనుకు మిగులుతుంది.

నంద్యాల నుంచి: బొగ్గు ఖరీదు కదా, సర్కారు కంప కట్టెలతో నడపొచ్చా?

నిప్పు రాజేయడానికి వాడండి, నడపడానికి వద్దు. ఎండు కట్టె కిలోకు 3,500–4,000 కిలోకాలరీలు ఇస్తే మంచి స్టీమ్ బొగ్గు 6,500కు పైన ఇస్తుంది. ఫైర్‌మన్ ఎంత వేసినా పీడనం నిలవదు. పైగా నిప్పురవ్వలు ఎగురుతాయి. ఎండాకాలం పట్టా పక్కన బోద గడ్డి అంటుకుంటే ఆ నష్టం కట్టాల్సింది మీరే. సింగరేణి బొగ్గులో బూడిద ఎక్కువ, కానీ మన మీటర్ గేజ్ రకాలైన వైపీ, వైజీ ఇంజన్ల వెడల్పు ఫైర్‌బాక్సులు తక్కువ రకం బొగ్గు కోసమే చేసినవి. గ్రేటు మీద గట్టిపడిన చిట్టెం తీసే మనిషి ఒకరు అదనంగా ఉంటే చాలు. బ్రిటన్‌లో ఈ చిక్కు ఇంకా పెద్దది. వేల్స్‌లోని ఫోస్–ఎ–ఫ్రాన్ గని 2023 నవంబరులో మూతపడ్డాక అక్కడి రైళ్లు దిగుమతి బొగ్గు మీద ఆధారపడాల్సి వస్తోంది.

బొగ్గు మిగలాలంటే నాలుగు ఆదివారాలు ఒక్కో ట్రిప్పు నడపకండి, ఒకే ఆదివారం నాలుగు ట్రిప్పులు నడపండి. చల్లటి బాయిలర్‌ను ఆవిరికి తేవడానికి కాలే బొగ్గు మీద ఒక్క టికెట్టూ రాదు. చల్లారడం, వేడెక్కడం తగ్గితే స్టేలకూ మంచిది.

తాడిపత్రి నుంచి: షెడ్డులో బయటి ఫ్యాక్టరీల బాయిలర్ పనులు పట్టి సంపాదించవచ్చా?

జాగ్రత్త. వేల్స్‌లోని లాంగోలెన్ రైల్వే కంపెనీ 2021 మార్చిలో అప్పులు తీర్చలేక రిసీవర్ (అప్పులిచ్చినవారి తరఫున ఆస్తులు చేతికి తీసుకునే అధికారి) చేతికి వెళ్లింది. కోవిడ్‌తో రైళ్లు ఆగడానికి తోడు బయటివారి ఇంజనీరింగ్ కాంట్రాక్టుల్లో తగిలిన దెబ్బ అందుకు కారణం. లైనును తర్వాత దాని ట్రస్టు నిలబెట్టింది. బయటి పనికి వేరే సంస్థ, వేరే ఖాతా పెట్టండి. అది మునిగినా పట్టా, ఇంజను మునగకూడదు.

అనంతపురం నుంచి: మేం ఇంజనీరింగ్ చదివే కుర్రాళ్లం, పన్నెండు మందిమి. దేనితో మొదలుపెట్టాలి సార్?

ఇంజనుతో కాదు, చోటుతో. 1989 రైల్వే చట్టం ప్రకారం ప్రయాణికులను చేరవేసే లైను తెరవాలంటే కేంద్రం అనుమతి, భద్రతా కమిషనర్ తనిఖీ కావాలి. అదే చట్టంలో ‘రైల్వే’ అన్న నిర్వచనం నుంచి పార్కుల్లో, ప్రదర్శన మైదానాల్లో కేవలం వినోదానికి వేసిన పట్టాలను మినహాయించారు. మీలాంటివారికి తెరిచి ఉన్న దారి అదే. అర కిలోమీటరు పట్టా, చేత్తో తోసే ట్రాలీ, ఆ తర్వాత చిన్న డీజిల్ ఇంజను. ఆవిరి బాయిలర్ రైల్వే ఆధీనంలో లేనప్పుడు రాష్ట్ర బాయిలర్ల శాఖ తనిఖీ కిందికి వస్తుంది కాబట్టి అది ఆఖరి మెట్టు. బీమా మాత్రం మొదటి రోజు నుంచే ఉండాలి. ప్రయాణికులకు థర్డ్ పార్టీ, పనిచేసే మీకు ప్రమాద బీమా. జీతం లేదని వేలు నలగకుండా పోదు.

పట్టా వేశాక ప్రతి ఏడూ చలికాలంలో ఒక పని చేయండి. 13 మీటర్ల పట్టా, చలికాలపు తెల్లవారుజాముకూ ఎండాకాలపు మధ్యాహ్నానికీ మధ్య 45 డిగ్రీల తేడాకు దాదాపు ఏడు మిల్లీమీటర్లు సాగుతుంది. ఆ సాగుడు కోసమే రెండు పట్టాల మధ్య సందు, కదలడానికి ఫిష్‌ప్లేట్లు. ఫిష్‌ప్లేటు తుప్పుపట్టి బిగుసుకుంటే పట్టా జరగడానికి చోటు లేక, మే నెలలో పాములా పక్కకు వంకర పోతుంది, బోగీ దిగిపోతుంది. నాలుగు బోల్టులు విప్పి, ప్లేట్లు తీసి, వైరు బ్రష్షుతో తుప్పు రాల్చి, పట్టా కొసల్లో పగుళ్లు ఉన్నాయేమో అద్దం పెట్టి చూసి, గ్రాఫైట్ పొడి కిరసనాయిల్లో కలిపి పూసి, బోల్టుకు నూనె రాసి మళ్లీ బిగించాలి. ఒకేసారి రెండు అతుకులు విప్పొద్దు. అర కిలోమీటరుకు రెండు వైపులా కలిపి సుమారు 77 అతుకులు. మీ పన్నెండు మంది ముగ్గురేసి నాలుగు జట్లుగా చేస్తే రెండు ఆదివారాల పని. ఖర్చు డబ్బా గ్రాఫైటు, కొంచెం కిరసనాయిలు, కొన్ని కొత్త బోల్టులు. ఏ తేదీన ఏ అతుకు విప్పారో నోటుబుక్కులో రాసిపెట్టండి. బీమా కంపెనీ వాళ్లు అడిగే మొదటి కాగితాల్లో అదొకటి.